మా క్లాసంతటికీ ఒకే పుట్టినరోజు

ఇవాళ జూన్ ఒకటి. సిడ్నీలో మా ఆఫీసువాళ్లు నా చేత కేకు కోయించారు. అసలు నేను పుట్టింది కార్తీకమాసంలో.

బెజవాడలో మా మునిసిపల్ బడిలో చేరాలంటే కుడిచెయ్యి నెత్తిమీదుగా ఎడమ చెవికి అందాలి. అందితే ఐదేళ్లు నిండినట్టే. నాకు అందలేదు. ఒకటో తరగతికి పిల్లలు చాలక దిగులుపడుతున్న టీచరుగారు, "తల కాస్త వంచవే అమ్మాయ్" అన్నారు. వంచాను, అందింది. రిజిస్టరులో పుట్టినతేదీ జూన్ ఒకటి అని రాసేశారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడే షబానాకీ, ఒడిశా నుంచి వచ్చిన మేస్త్రీగారి అబ్బాయికీ, అందరికీ అదే తేదీ.

పిల్లలు తగ్గిపోయి ఆ బడి మూసేశారు. పొద్దున్నే షబానా మా పాత క్లాసు గ్రూపులో, "మనందరికీ హ్యాపీ బర్త్‌డే" అని పెట్టింది. సాయంత్రానికల్లా అందరూ బదులిచ్చారు. ఇవాళ మా ఒకటో తరగతిలో గైర్హాజరైనవాళ్లు ఒక్కరూ లేరు.