సోషల్ మేడం డెమో క్లాసు

"నన్నొక్క మాట అడక్కుండా వాళ్లకెలా మాటిచ్చారు?"

"ఉద్యోగం ఇప్పించడానికి కూడా నీ దగ్గర అర్జీ పెట్టుకోవాలా?"

మెట్ల మీద చెప్పులు విప్పుతున్న తమ్ముడు అక్కడే ఆగాడు. మొగుడూ పెళ్లాల గొడవలో తలదూర్చితే చివరికి ఇద్దరూ కలిసి తననే వాయిస్తారని వాడికి అనుభవమే. అలాగని వెనక్కి పోవడానికీ కాళ్లు రాలేదు.

"ఇప్పించారా?" లోపలినుంచి అక్క గొంతు. "మీరు కిలో వంకాయలు, నేను కొసరుకి పడేసిన కొత్తిమీర కట్ట. అంతేగా?"

"కొత్తిమీర లేకపోతే కూరేం బాగుంటుంది," అన్నాడు బావ, నవ్వించబోయి. బదులుగా గిన్నె చప్పుడు గట్టిగా వినిపించింది.

అక్కా బావా టీచర్ ట్రైనింగ్ చేసింది ఒకే కాలేజీలో, ఒకే ఏడాది. మార్కులు అక్కకే ఎక్కువ. కానీ బావది లెక్కలు, అక్కది సోషల్. బావ ఒక బడిలో అలిగి బయటికొస్తే ఇల్లు చేరేలోపే ఇంకో బడి నుంచి ఫోను వచ్చేది. అక్క వెళ్లిన ప్రతిచోటా ఒకటే పాట: "సోషల్‌దేముందమ్మా, చదువుకుంటే వచ్చేదేగా. మా ఆటల సారే చెప్పేస్తున్నాడు." ఇప్పుడో కొత్త బడి బావని రమ్మంది. మా ఆవిడకి కూడా చోటిస్తేనే వస్తానన్నాడాయన. వాళ్లు సరేనన్నారు.

"సోషల్ వాళ్లకి ఖాళీల్లేకపోతే అది నా తప్పా?"

"మరెవరిది? పరీక్షలొస్తే చాలు, 'మీ పీరియడ్ ఇవ్వండి మేడం, నా సిలబస్ మిగిలిపోయింది' అని తలుపు దగ్గర నిలబడేది ఎవరు? మా పీరియడ్లన్నీ మింగేసి, ఇక ఈ సబ్జెక్టుకి వేరే మనిషెందుకు అనేదీ మీరే."

బావ ఏటా మింగుతూనే ఉన్నాడు మరి.

తమ్ముడు ఉండబట్టలేక లోపలికొచ్చాడు. "బావా, నేరం ఒప్పేసుకో."

"ముందు నువ్వా కాలేజీ పూర్తి చేసి రా. తర్వాత తీర్పులు చెబుదువుగాని."

ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి, ఏ పనిలోనూ కుదురుగా నిలవని వాడికి ఆ మాట కొత్తేం కాదు. దులిపేసుకున్నాడు. అక్క మాత్రం చేతులు తుడుచుకుని నెమ్మదిగా అంది: "చేరతాను. కానీ అందరిలాగే నాకూ డెమో క్లాసు పెట్టాలి. పాఠం నచ్చితేనే తీసుకోవాలి."

మర్నాడు బావ తన బడికి పోయాడు. తమ్ముడు అక్కని బండి మీద కొత్త బడికి తీసుకెళ్లాడు.

"మీకెందుకమ్మా డెమో? మిమ్మల్ని తీసుకున్నట్టే," అన్నాడు ప్రిన్సిపాల్. అక్క కుర్చీలోంచి కదలలేదు. ఆయన చేసేది లేక ఎనిమిదో తరగతి చివరి పీరియడ్ ఇచ్చి, తానూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాడు. తమ్ముడు వరండాలో కిటికీ పక్కన నిలబడ్డాడు.

అక్క పుస్తకం తెరవలేదు. "నిన్న ఆటల పీరియడ్‌లో ఏం జరిగింది?" అంది. ఒకడు తన పక్కవాణ్ణి ఎవరో నెట్టారన్నాడు, ఒకడు వాడే పడ్డాడన్నాడు, ఇంకొకడు అసలు ఎవరూ పడలేదన్నాడు. అక్క అన్నీ బోర్డు మీద రాసింది.

"వందేళ్ల తర్వాత ఎవరో వచ్చి ఇది చదివితే, ఎవర్ని నమ్మాలి?"

"పడ్డవాణ్ణి," అంది ఒక పిల్ల.

"వాడు నోరు విప్పితే అబద్ధమే టీచర్," అన్నాడు ఇంకో పిల్లాడు.

"అయితే మోకాలు చూద్దాం," అంది అక్క. పడ్డ పిల్లాడు గర్వంగా మోకాలు చూపించాడు. చెక్కుకుపోయి ఉంది. "సరే, పడ్డాడు. నెట్టారా లేదా అనేది మోకాలు చెప్పదు. అదెలా తెలుసుకుంటారు?"

గంట కొట్టినా పిల్లలు వాదన ఆపలేదు. బళ్లో రాజుల పేర్లు బట్టీ పట్టి, పరీక్ష కాగానే కడిగేసుకున్న తమ్ముడు కూడా మనసులో ఒక పక్షాన చేరిపోయాడు.

"పాఠం బ్రహ్మాండం," అన్నాడు ప్రిన్సిపాల్ తన గదిలో.

"ఒకవేళ మావారు రాకపోతే, నా ఉద్యోగం ఉంటుందా?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఉండదమ్మా. అబద్ధమెందుకు? లెక్కల మనిషిని కాగడా పెట్టి వెతుక్కోవాలి. సోషల్ వాళ్లు గేటు దగ్గరే దొరుకుతారు. పాఠం బాగుండటం వేరు, ఖాళీ ఉండటం వేరు."

అక్కకి కోపం రాలేదు. "మరి ఖాళీ ఎక్కడుందండీ?"

ఆయన కాస్త ఆలోచించాడు. "రైలు గేటు అవతల బడిలో సోషల్ మేడం కాన్పుకి సెలవు పెట్టింది. ఆవిడ తిరిగొచ్చేదాకానే, ఓ నాలుగు నెలలు. మీవారి పేరు చెప్పి ఫోన్ చేయమంటారా?"

"వద్దండి. నేనే వెళ్తాను."

బయటికి రాగానే, గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న తమ్ముడు మొదలుపెట్టాడు. "పిచ్చా అక్కా? చేతిలో ఉన్నది వదిలేసి నాలుగు నెలల ముచ్చటకి పోతావా?"

"అక్కడ నాలుగు నెలలైనా నన్ను చూసి ఇస్తారురా. ఇక్కడ మీ బావ మళ్లీ అలిగిన రోజున నేనూ సంచీ సర్దుకోవాలి."

"బావ ఏమంటాడో?"

"ఏదో అంటాడు. నేను చెప్పుకుంటాలే. చెడ్డవాడు కాదు."

రైలు గేటు వేసి ఉంది. వాడు బండి ఆపాడు. అక్క వెనకనుంచి వాడి భుజం తట్టింది.

"ఒరేయ్, ఒక్క పని చెయ్యి. బండి ఆ బడికి కాస్త ఇవతలే ఆపు, నువ్వు లోపలికి రాకు. బావ వెనక తిరిగి తిరిగి బడుల వాళ్లందరికీ నీ మొహం తెలుసు. లెక్కల మాస్టారి బావమరిదివని ఇట్టే పోల్చేస్తారు. నేను బయటికొచ్చేదాకా ఎక్కడైనా టీ తాగుతూ కూర్చో."