మడతకు అవతలి సగం

నా డైరీలో ప్రతి పుటకూ కుడివైపు ఒక సన్నని గడి గీసుకుంటాను. ఆ రోజు మా ఇంటికి ఎవరు వచ్చారో, ఎన్నాళ్లు ఉన్నారో అందులో రాస్తాను. నందిగామలో ఒక ఉన్నత పాఠశాలలో ప్రకృతిశాస్త్రం చెప్పినంతకాలం నాకు అలవాటైన పద్ధతి ఇది. ఉద్యోగ విరమణ చేసి పద్నాలుగేళ్లయినా చెయ్యి ఊరుకోదు.

మొన్న మే నెలాఖరున, గ్యాస్ పొయ్యి బాగుచేసిన మనిషి ఎప్పుడు వచ్చాడో చూద్దామని పాత పుటలు తిరగేస్తుంటే, ఒక విషయం కంటబడింది. మా చెల్లెలి కూతురు సెప్టెంబరు చివర వచ్చి ఎనిమిది రోజులు ఉంది. నవంబరు చివర వచ్చింది. ఆ తరువాత జనవరి, మార్చి, ఇప్పుడు మే. మధ్య నెలల్లో ఒక్కసారీ రాలేదు. నేను ఈ పట్టిక చూస్తున్న సమయంలో ఆ పిల్ల వంటగదిలో కూర్చుని మామిడికాయలు తుడుస్తోంది.

మా చెల్లెలు పోయిన తరువాత ఆ పిల్లకు పుట్టిల్లు మా ఇల్లే. అత్తవారిది జగ్గయ్యపేట. భర్త సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో పని చేస్తాడు. అత్తగారు ఒకప్పుడు నా దగ్గర పదో తరగతి చదువుకున్న అమ్మాయి. సంబంధం కుదిరేటప్పుడు ఆ ఇంటి గురించి నన్ను అడిగితే, ఆమె రికార్డు పుస్తకం తరగతిలోకెల్లా శుభ్రంగా ఉండేదని చెప్పాను. నా లెక్కలో అంతకు మించిన యోగ్యతాపత్రం లేదు.

రెండేళ్ల క్రితం మా పిల్లకు గర్భం గర్భాశయంలో కాక ఎడమవైపు నాళంలో నిలిచింది. నాళం చిట్లి, రక్తం పోయి, ప్రాణం మీదికి వచ్చింది. ఆపరేషన్ చేసి ఆ నాళాన్నీ, దాని పక్కనున్న బీజకోశాన్నీ తీసేశారు. కోలుకున్నాక, మళ్లీ ప్రయత్నించవచ్చునని డాక్టరమ్మ చెప్పి పంపింది. చూడటానికి వచ్చినవాళ్లు మాత్రం ఒక మాట పట్టుకొచ్చారు. సగం పోయిందట కదా అని ఒకరు, సగమైనా మిగిలింది సంతోషం అని ఒకరు. ఎవరెవరు అన్నారో నా డైరీలో ఉంది. ఒక మూత్రపిండం తీసేసిన మా పక్కింటి పెద్దమనిషిని ఎవరూ సగం మనిషి అనలేదన్న సంగతి కూడా వారి పేర్ల కిందనే రాసి పెట్టాను.

డైరీ పట్టుకుని వంటగదిలోకి వెళ్లి, రెండు నెలలకొకసారి రావడమేమిటని అడిగాను. ఆమె మామిడికాయ మీంచి తల ఎత్తలేదు.

"ఇది ఖాళీ నెల కదా పెద్దమ్మా. అందుకని అత్తయ్యగారే పంపించారు."

ఖాళీ నెల అంటే ఏమిటో ఆమె చేత చెప్పించుకోవడానికి పావుగంట పట్టింది. ఎడమ బీజకోశం ఒక నెల, కుడి బీజకోశం ఒక నెల పని చేస్తాయట. ఎడమది లేదు కనుక దాని వంతు వచ్చిన నెలలో అండమే ఉండదట. ఆ నెలలో ఎదురుచూసి బాధపడటం ఎందుకని అత్తగారు ఆమెను విశ్రాంతికి నా దగ్గరికి పంపుతోంది. కుడిదాని వంతు వచ్చిన నెలలో ఒక్క బిందె ఎత్తనివ్వదు. కొడుకుకు అనుకూలమైన షిఫ్టు వేయించమని ఫ్యాక్టరీలో ఎవరినో బతిమాలింది కూడా. గోడ మీది కాలెండరులో నెల విడిచి నెలకు పసుపు బొట్టు పెట్టి ఉంటుందట.

"మరి మీ ఆయన ఏవంటాడు?"

"ఆయనకేం తెల్సు. అమ్మ సైన్సులో ఫస్టు అంటాడు." ఒక కాయను రెండోసారి తుడిచింది. "నాకు ఇంక ఏడాదికి ఆరు నెలలే పెద్దమ్మా. అవి కూడా అయిపోతన్నట్టుగా ఉంది."

ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల తన ఆయుష్షులో సగం నెలలను కొట్టివేసుకుని మామిడికాయలు తుడుస్తోంది. నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఎందుకంటే ఆ పాఠం నాది.

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఆ అధ్యాయాన్ని ఇంటి దగ్గర చదువుకోండని చెప్పి దాటేయడం మా బడిలో మర్యాద. ప్రధానోపాధ్యాయులు నన్ను కూడా అలాగే దాటేయమన్నారు. గుడికి వెళితే గర్భగుడి ముందు చేతులు కట్టుకుని నిలబడతాం, ఆ గదికి ఆ పేరు దేన్ని బట్టి వచ్చిందో పిల్లలకు చెప్పకూడదా అని అడిగాను. ఆయన కిటికీ వైపు చూశారు. నేను పాఠం చెప్పాను. చెప్పడమే కాదు, బొమ్మ వేయించాను.

బొమ్మకు నాదొక పద్ధతి ఉండేది. కాగితాన్ని నిలువునా మడిచి, మడత పక్కన సగం గర్భాశయం, ఒక నాళం, ఒక బీజకోశం మెత్తని పెన్సిలుతో గట్టిగా గీయాలి. అవతలి సగాన్ని దాని మీదికి మడిచి బొటనవేలి గోటితో రుద్దితే, విప్పేసరికి రెండో సగం దానంతట అదే పడి ఉంటుంది. దాని మీద పెన్సిలు దిద్దుకుంటే సరి. ముగ్గు వేసే చేతులకు ఇది వెంటనే పట్టుబడింది. మన ప్రాంతపు పాత స్తూపాల రాతి పలకల మీద పూర్ణకుంభం ఉంటుంది. నిండు కుండ, మూతిలోంచి రెండువైపులా వంగిన తామర కాడలు, కాడల చివర మొగ్గలు. ఆ బొమ్మనూ ఈ బొమ్మనూ నల్లబల్ల మీద పక్కపక్కన గీసేదాన్ని. తరగతిలో అంతసేపూ ఉన్న ఇకఇకలు అప్పుడు ఆగిపోయేవి. తమ లోపల ఇంత అందమైన వస్తువు ఉందని ఆ ఆడపిల్లలకు చెప్పినవాళ్లు అంతవరకు లేరు.

అలాంటి పాఠం విన్న మనిషి ఇంట్లో కాలెండరుకు పసుపు బొట్లా?

నా మాట ఒక్కటే చాలదు కనుక, మరునాడు మా పిల్లను వెంటబెట్టుకుని, ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ దగ్గరికే వెళ్లాను. నా ప్రశ్నలు వరుసగా కాగితం మీద రాసుకెళ్లాను. వంతులేమీ ఉండవని ఆమె చెప్పింది. రెండూ ఉన్నవాళ్లలో సైతం ఏ నెల ఏ వైపు అండం విడుదలవుతుందో ముందుగా తెలియదు, వరుసగా మూడు నెలలు ఒక వైపే కావచ్చు. ఒకటే మిగిలితే ప్రతి నెలా పని చేసేది సాధారణంగా ఆ ఒకటే. నేను నా పూర్ణకుంభం సంగతి చెబితే నవ్వింది. "పుస్తకంలో బొమ్మలాంటిది నేనింతవరకు చూడలేదండి. ఒకరికి ఎడమకు ఒరుగుతుంది, ఒకరికి వెనక్కి వంగుతుంది. రెండు వైపులూ ఒకే సైజులో ఉండటమే అరుదు. వాటి పని అవి చేసుకుంటూనే ఉంటాయి." ఆమె అన్నదాన్ని అన్నట్టుగా రాసుకుని, చదివి వినిపించి, సరేననిపించుకున్నాను. ఇంత తేలికైన సంగతి నిజమని నమ్మడానికి మా పిల్లకు ధైర్యం చాలినట్టు లేదు.

అటునుంచి అటే జగ్గయ్యపేటకు బయలుదేరాము. హైవే మీద చిల్లకల్లు దగ్గర బస్సు దిగి ఆటో పట్టుకునేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. దారి పొడవునా నేను చెప్పవలసిన మాటలు కూర్చుకున్నాను. మూఢత్వం అన్న మాట ఒకటి, నా శిష్యురాలివై ఉండి అన్న మాట ఒకటి సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆమె నన్ను చూసి గుమ్మంలోనే కాళ్లకు దణ్ణం పెట్టింది. యాభై ఏళ్ల మనిషి, పదో తరగతి పిల్లలా చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. మజ్జిగ ఇచ్చింది, ఫ్యాను నా వైపు తిప్పింది. కోడలు ఖాళీ నెలలో మధ్యలోనే ఎందుకు వచ్చిందోనని కంగారుపడి ఆమె నుదురు తాకి చూసింది. ఆ చెయ్యి చూశాక మూఢత్వం అన్న మాట నా నోట రాలేదు. నెమ్మదిగా కాలెండరు వైపు చూపించి అడిగాను.

"ఈ ఖాళీ నెలల సంగతి నీకు ఎవరు చెప్పారమ్మా?"

ఆమె నన్ను వింతగా చూసింది.

"మీరేనండి."

నేను అలా చెప్పి ఉండనన్నాను. ఆమె లోపలికి వెళ్లి, బీరువా తీసి, పట్టుచీరల కిందనుంచి అట్ట వేసిన రికార్డు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. ఆ పుట తనంత తానే తెరుచుకుంది. నడుమ మడత. మడతకు ఇటు సగం నల్లగా, అటు సగం కొంచెం పలచగా. కుండ, కాడలు, మొగ్గలు. కింద గుండ్రని అక్షరాలతో, రెండు బీజకోశాలూ వంతులవారీగా, ఒక నెల ఎడమది, ఒక నెల కుడిది, అండాన్ని విడుదల చేయునని రాసి ఉంది. పక్కన ఎర్రసిరాతో టిక్కు. చాలా బాగుంది అన్న మాట. నా సంతకం.

"మీ ఎర్రసిరా ఇంకా పోలేదు చూడండి," అంది ఆమె. "మిగతా పాఠాలన్నీ మర్చిపోయానండి టీచర్ గారూ. ఇదొక్కటి మర్చిపోలా. మా అమ్మ కూడా చెప్పని సంగతి మీరు చెప్పారు కదా."

నా సంచిలో డాక్టరమ్మ మాటలు రాసిన కాగితం ఉంది. దాన్ని తీసి ఆమెకు ఇవ్వడానికి ఎంతసేపు పట్టిందో నేను రాసుకోలేదు. ఆమె నిలబడే రెండుసార్లు చదివింది. వంటింటి గుమ్మంలో ఉన్న మా పిల్ల అత్తగారి ముఖాన్నే చూస్తోంది. డాక్టరమ్మ మాటతో తేలనిదేదో ఈ ఇంట్లో తేలవలసి ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

"అంటే పెద్దమ్మా, నాకు ఖాళీ నెలల్లేవా?"

"లేవు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదు. తప్పు నాది."

అత్తగారు నేల మీద కూర్చుండిపోయింది. ఇన్నాళ్లూ మంచే చేస్తన్నాననుకున్నానే అని మెల్లగా అంది. మా పిల్ల వెళ్లి ఆమె పక్కన కూర్చుంది. ముందు ఏడుపుతో మొదలై, అదెక్కడ మలుపు తిరిగిందో గాని నవ్వులోకి వచ్చింది. ఆ షిఫ్టు వేయించిన మనిషికి ఇప్పుడు ఏవని చెప్తారత్తయ్యా అని అడిగింది. నీ మొగుడ్నే చెప్పుకోమను, నాకేం తెల్సు అని ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది.

నేను ఎర్రసిరా కలం అడిగాను. ఆ ఇంట్లో లేదు. నా సంచిలోనే దొరికింది. వంతులవారీగా అన్న మాట మొదలు కుడిది అన్నంతవరకు గీత కొట్టి, పైన సరైన వాక్యం రాసి, తేదీ వేశాను. అంతటితో ఊరుకోక, చాలా బాగుంది అన్నదాన్ని కూడా కొట్టబోతే, ఆమె అరచెయ్యి తెచ్చి దాని మీద పెట్టింది.

"అది మాత్రం ఉంచండి. అది బొమ్మకి ఇచ్చారు."

ఉంచాను.

ఇంటికి వచ్చాక అటక మీంచి నా పాఠ్యప్రణాళికల కట్ట దింపించాను. తప్పు పాఠ్యపుస్తకానిదై ఉంటుందని నాలో ఒక ఆశ ఇంకా మిగిలి ఉంది. పుస్తకంలో ఉన్నది నా నోట్సులో ఒక మూల ఎత్తి రాసుకున్నాను, నెలకు ఏదో ఒక బీజకోశం నుండి అని. దాని పైన, వరుసల మధ్య, నా చేతిరాతతో వంతులవారీగా అన్న మాట ఇరికించి ఉంది. ఎవరూ చెప్పలేదు. మడత విప్పితే రెండు సగాలూ అంత ముచ్చటగా కలిసేసరికి, పని కూడా అలాగే సమానంగా పంచుకుంటాయని నేనే అనుకున్నాను. అందంగా ఉంది కాబట్టి నిజమై ఉంటుందని. ఎన్ని తరగతులకు చెప్పానో లెక్క వేశాను. ఆ అంకె ఇక్కడ రాయను. నా దగ్గర చదువుకున్నవాళ్లు ఇది చదివితే, తమ రికార్డులు ఇంకా ఉంటే, ఆ వాక్యాన్ని దయచేసి కొట్టివేయండి. బొమ్మను ఉంచుకోండి.

జూలై నెలాఖరున డైరీలో కుడి గడి ఖాళీగా ఉంది. అత్తగారు ఫోన్ చేసి, ఇంక పంపటం లేదండి, మీకు పొద్దుపోకపోతే మీరే రండి అంది. ఆ కాలెండరు తీసి పడేసిందట. కొడుకు మాత్రం అదే షిఫ్టులో ఉన్నాడట, మార్చమని మళ్లీ అడగడానికి మొహం చెల్లక.

ఆగస్టులో ఎవరూ రాలేదు. సెప్టెంబరులో ఒక బుధవారం, నెలాఖరూ కాదు, పండగా కాదు, మా పిల్ల మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. కంచికచర్లలో చీర ఫాల్ వేయించుకుని వెళుతూ ఆగిందట. బిడ్డ సంగతి నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. గంటన్నర ఉండి, మేలో పెట్టిన ఆవకాయ జాడీ విప్పించి అన్నం తిని, సీసాలో కొంచెం పెట్టించుకుని వెళ్లింది. వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసుకున్నాను. వచ్చిన కారణం అని నేను ఒక చిన్న గీత పెట్టుకుంటాను. దాని ఎదుట ఏమీ లేదు అని రాశాను.