కణుపులు ఉంచిన విల్లు

జగన్నాధం చేతికి గరుకంటే పడదు. రాజాంలో పాలకొండ రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో ఆయన చేసిన తలుపు మీద అరచెయ్యి పెట్టి జార్చితే ఎక్కడా ఆగకూడదు. ఆగిందా, మళ్లీ చిత్రిక పట్టాల్సిందే. తలుపు తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు "బాగున్నాది మేస్త్రీ, ఇచ్చీ" అని మొత్తుకున్నా ఇవ్వడు. భోజనానికి కూర్చుంటే పీట అంచు తడుముతాడు, బస్సెక్కితే ముందు సీటు కమ్మీ తడుముతాడు. పెళ్లిచూపుల్లో తన మొహం కంటే తన పుట్టింటి గడపనే ఎక్కువసేపు చూశాడని భార్య బుల్లమ్మ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది. రైతు ఇంట పుట్టి, నాగలి బాగుచేయించడానికి వెళ్లి వడ్రంగి షెడ్డులోనే ఉండిపోయిన మనిషి మరి. అంత పిచ్చి లేకపోతే ఆ పని ఎందుకు పట్టుకుంటాడు?

అలాంటివాడు విల్లు చేస్తానని కోడలికి మాటిచ్చేశాడు.

కోడలు నీలవేణి విజయనగరంలో డిగ్రీ చదివే రోజుల్లో బాణాలు వేసేది. జిల్లా జట్టులో కూడా ఆడింది. జగన్నాధం కొడుకు దేవేంద్రతో పెళ్లయింది, పాప పుట్టింది, కాలేజీ విల్లు కాలేజీలోనే ఉండిపోయింది. ఈ ఏడు విజయనగరంలో మళ్లీ పోటీలు పెడుతున్నారనీ, చెక్క విల్లుతో వేసే ఆడవాళ్ల పోటీ కూడా ఉందనీ ఫోనులో చూసి, వంటింట్లో అత్తగారికి చెప్పి ఊరుకుంది. ఊరుకుందే గాని, గరిటె పట్టుకుని కూడా ఎడమచెయ్యి చాపి నిలబడడం, ఒక కన్ను మూసి పెరట్లో కొబ్బరిచెట్టు కేసి చూడడం మామగారి కంట పడింది.

"ఏటమ్మా, విల్లు కావాలా?" అన్నాడు.

"వద్దులెండి మావయ్యా. ఎక్కడ దొరుకుతాది ఇప్పుడు?"

"దొరకడమేటి? ఈ ఇంట్లో కర్రపని సేసీవోడు లేడా? నాను సేస్తాను, సూస్తూండు."

ఆ పిల్ల మొహం ఎంత వెలిగిందంటే, ఇంక వెనక్కి తగ్గడానికి లేకపోయింది. పైగా సాయంత్రానికల్లా టీకొట్లో అందరికీ చెప్పేసుకున్నాడు. నోరు ఊరుకోదు కదా!

మొదలు బాగానే పెట్టాడు. పాత ఇల్లు విప్పినప్పుడు దాచిన తాటిదూలం ఒకటుంది, నల్లటి గట్టి చేవ. దాన్ని చీల్చి, వంగేటంత పల్చగా చెక్కాడు. లాగినప్పుడు విల్లు బయటివైపు సాగుతుంది, ఒట్టి తాటిచేవైతే అక్కడ నారలు లేచి విరిగిపోతుంది, అందుకని ఆ వైపు వెదురుబద్ద అతికించాలని నీలవేణి చెప్పింది. సరే, ముదురు వెదురు తెచ్చాడు, బద్ద తీశాడు, జిగురు పూశాడు. రెంటినీ కలిపి, పాత సైకిల్ ట్యూబు చీలికలతో ఈ కొస నుంచి ఆ కొస దాకా బిగించి చుట్టాడు. ఎండలో పడుకోబెట్టి, కోళ్లు దాని మీద ఎక్కకుండా బుల్లమ్మని కాపలా కూర్చోబెట్టాడు.

కట్లు విప్పాక చూడాలి, అబ్బ, ఏం విల్లండీ! వెదురుకి కణుపులనేవి ఉంటాయా అన్నంత నున్నగా ఉంది. టీకొట్టు జనమంతా వచ్చి నిమిరి పోయారు.

నీలవేణి పెరట్లో నిలబడి తాడు లాగింది. సగం వచ్చింది. ఇంకొంచెం లాగింది. ఫట్‌మని పెద్ద చప్పుడై విల్లు రెండు ముక్కలైంది. ఒక ముక్క ఎగిరొచ్చి జగన్నాధం నుదుటికి తగిలింది. అదేదో ఆటనుకుని పాప చప్పట్లు కొట్టింది.

"పనిగల మేస్త్రి పందిరేస్తే కుక్కతోక తగిలి కూలిపోనాదంట," అంటూ బుల్లమ్మ బొప్పికి పసుపు అద్దింది. ఎంత ఆపుకుందామన్నా ఆవిడకి నవ్వు ఆగలేదు.

నీలవేణి మాత్రం నవ్వలేదు. ముక్కలు ఏరి గోడకి ఆనించింది. "ఒగ్గీండి మావయ్యా. నాకు రాసిపెట్టి లేదు. ఇంక బాణం ముట్టుకోను," అని లోపలికి వెళ్లిపోయింది.

బొప్పి కంటే ఆ మాటే ఎక్కువ సలిపింది జగన్నాధానికి. గోడ దగ్గర గొంతుక్కూర్చుని ముక్కలు తిప్పితిప్పి చూశాడు. తాటిచేవ తప్పేం లేదు. జిగురు వదల్లేదు. ముందు చిట్లింది వెదురే, అదీ సరిగ్గా కణుపు ఉండాల్సిన చోట.

బుల్లమ్మ వచ్చి ఆ ముక్క చేతిలోకి తీసుకుంది. "ఇదేటి, ఎదురుకి పైతోలేదీ?"

"సిత్రిక పట్టేసినాను. కణుపులు ఎత్తుగా ఉంటే ఏటి బాగుంటాది?"

"ఓలమ్మో! మా అయ్య కావిడి మోసీవోడు, నీకు ఎరికే కదా. రెండేపులా వరి మోపులు ఏలాడతంటే కావిడిబద్ద ఇలాగే వంగీది. ఏనాడైనా దానికి సిత్రిక ఏసినాడా? తోలేపు పైకుంచి, కణుపు ముట్టుకోనిచ్చీవోడు కాడు. కణుపు సెక్కితే ఎదురు నరం తెగిపోతాదనీవోడు."

జగన్నాధానికి చప్పున గుర్తొచ్చింది. కొత్త అల్లుడిగా వెళ్లినప్పుడు ఆ కావిడిబద్దని తడిమి, "ఏటీ గరుకు, తే మావా, నున్నగా సేసిస్తాను" అని తానే అడిగాడు. మామగారు కర్ర తీసుకుని వెంటపడినంత పని చేశాడు. ఆ కోపం ఎందుకో ఇన్నాళ్లకి బోధపడింది.

"ఈ ముక్క ముందే సెప్పొచ్చు కదే!"

"నువ్వడిగితే కదా! నన్ను కోళ్లు తోలమన్నావు, తోలినాను."

మర్నాడు తెల్లారగానే మళ్లీ మొదలు. ఈసారి వెదురు లోపలివైపు మాత్రమే చదును చేసి తాటిచేవకి అతికించాడు. పైతోలు జోలికి పోలేదు. పోలేదని చెప్పడం తేలికే, ఆయన పడ్డ బాధ ఆయనకే తెలుసు. కణుపు కనబడితే చాలు, చెయ్యి దానంతటదే చిత్రిక మీదికి పోయేది. "ఒక్క పోటు, పైపైన..." అని గొణిగేవాడు. చివరికి బుల్లమ్మ చిత్రిక లాక్కుని, బియ్యం డబ్బాలో పడేసి, మూత మీద కూర్చుంది.

జిగురు ఆరాక విల్లుని గోడమేకుకి తగిలించి, తాడు కొద్దికొద్దిగా కిందికి లాగి చూస్తూ, రెండు కొసలూ ఒకేలా వంగేదాకా తాటివైపు ఉలితో గీకాడు. అంతా అయ్యాక వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్కసారి లాగు. ఇది కూడా ఇరిగితే ఇంక నాను నిన్ను అడగను."

నీలవేణి చేతులు తుడుచుకుని వచ్చింది. బుల్లమ్మ పాపని చంకనేసుకుని తలుపు చాటుకి పోయింది. జగన్నాధం రెండు చేతులూ నుదుటికి అడ్డం పెట్టుకున్నాడు. తాడు సగం దాటింది. చెంప దాకా వచ్చింది. చప్పుడు లేదు. వేళ్ల సందులోంచి చూస్తే కోడలి పళ్లన్నీ కనబడుతున్నాయి.

పోటీ రోజున ఇంటిల్లిపాదీ బస్సెక్కి విజయనగరం వెళ్లారు. మైదానంలో రేఖ అనే బొబ్బిలి అమ్మాయి నీలవేణి విల్లు చూసి, "ఇదేటక్కా, సిత్రిక పట్టడం మరిసిపోనారా మీ మేస్త్రి?" అని నవ్వింది. జగన్నాధం చెవులు ఎర్రబడ్డాయి. మేస్త్రి ఎవరో తనకి తెలియనట్టు చెట్ల కేసి చూశాడు.

మొదటి బాణాలు అటూ ఇటూ పోయాయి. చాలాకాలానికి పట్టిన చెయ్యి కదా. పోను పోను కుదురుకుంది. మొదటి ఇద్దరినీ రాష్ట్రం పోటీలకి పంపుతారు. నీలవేణి మూడో చోటికి వచ్చి ఆగింది, మిగిలింది ఒక్క బాణం. విల్లు ఎంత వంగిందంటే జగన్నాధం కళ్లు మూసుకుని బుల్లమ్మ భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"కళ్లు తెరు, మొగుడా! నట్టనడిమి పసుపు గుండ్రంలో దిగినాది!" అని కేకేసింది బుల్లమ్మ.

రేఖ మొదట వచ్చింది, నీలవేణి రెండు. రేఖ పరిగెత్తుకుంటూ వచ్చి, "మేస్త్రి గారు ఎవరక్కా? నాకూ ఒకటి సేసిపెట్టమను. కాస్త నున్నగా..." అంది.

"మేస్త్రిని నానే!" అని ముందుకొచ్చాడు జగన్నాధం. "సేస్తాను గాని కణుపులు తియ్యను. ఇష్టమైతేనే సెప్పు."

బుల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

తిరుగు బస్సులో విల్లు ఒళ్లో పెట్టుకుని దాని వీపు మీద అరచెయ్యి జార్చాడు. చెయ్యి కణుపు దగ్గర ఆగింది. కొంచెం ముందుకు పోయి మళ్లీ ఆగింది. ఆగిన ప్రతిచోటా ఆయనకి నవ్వొచ్చింది. ఎస్.కోట నుంచి వస్తున్న పక్కసీటు పెద్దాయనకి కూడా చూపించాడు.

"మావయ్యా, అలాగ తడిమితే అరిగిపోతాది," అని నీలవేణి వెనక నుంచి చెయ్యి చాపింది. "ఇటివ్వండి. రేపు తెల్లారి ప్రాక్టీసు ఉన్నాది నాకు."