పాయింట్లు తీసేసిన రోజు

“సచ్చినా ఇంగ నీ బండెక్కను, పో!”

“ఎక్కొద్దులే మే. అది నిన్ను రమ్మని పిలిచిందా?”

మొదటి మాట నాది. రెండోది మా ఆయనది; నన్ను ‘మే’ అనే పిలిచేవాడు. ఇరవై తొమ్మిదేళ్ళ కాపురంలో మేమిద్దరం మాట్లాడుకున్న కడసారి మాటలు ఇవే. మరుసటి రోజు పొద్దున నేను లేచేసరికి ఆయన బస్సెక్కి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి మనిషి లేడు.

ముందే ఒక సంగతి చెప్పాలి. దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. చెనక్కాయ చేను కాపలాకు ఒక్కదాన్నే పడుకున్నదాన్ని నేను. గాలి సోకిందని మురుగమల్ల దర్గాకు తీసుకుపోయే మనుషుల పక్కనే బస్సులో కూర్చుని వచ్చాను. పాపం ఏం జబ్బో అనుకున్నానే గానీ భయపడలేదు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని చెప్పడం లేదు. నేను చూసింది ఒక కారును. నాకు రాయడం రాదు కాబట్టి, నేను చెప్తుంటే నా తమ్ముడి కూతురు శైలజ రాస్తోంది.

మాది బాగేపల్లి. మా ఆయన పాత అంబాసిడర్ కారును బాడుగకు తిప్పేవాడు. మాకు పిల్లలు లేరు. బండి ముసలిదయ్యాక బాడుగకు పిలిచేవాళ్ళు కూడా లేకపోయారు. అయినా ఆయన దాన్ని వదల్లేదు.

ఆ బండి సంగతి కొంచెం తెలియకపోతే నేను చెప్పేది అర్థం కాదు. ఇంజన్ పక్కన నల్ల మూత ఒకటి ఉంటుంది. దాన్ని డిస్ట్రిబ్యూటర్ అంటారు. మూత కింద పాయింట్లని రెండు చిన్న ముక్కలు కలుస్తూ విడిపోతూ ఉంటాయి, దాంతో నిప్పు పుడుతుంది. వాటి పైన రోటర్ అని బొటనవేలంత ముక్క తిరుగుతూ ఆ నిప్పును నాలుగు తీగలకూ పంచుతుంది. రోటర్ లేకపోతే బండి కదలదు. కదలదంటే కదలదు.

చదువు రానిదానికి ఇదంతా ఎలా తెలుసంటారేమో. మా ఆయన బండి ఎక్కడ నిలిపినా రోటర్ పీకి చొక్కా జేబులో వేసుకునేవాడు. దొంగ తలుపు తీసినా బండిని తీసుకుపోలేడని ఆయన ధైర్యం. ఉతికే ముందు జేబులోంచి దాన్ని తీసి గూట్లో పెట్టడం నా పని. పాయింట్లయితే మాటిమాటికీ అరిగేవి. రుద్ది, వాటి మధ్య సందు మళ్ళీ సరిపెట్టాలి. అందరూ దానికో ఇనప రేకు వాడతారట. ఆయన మాత్రం లగ్నపత్రిక మూల చించి, ఆ అట్ట మందం పట్టేలా సందు పెట్టేవాడు. మా ఇంట్లో నాలుగు మూలలూ ఉన్న లగ్నపత్రిక ఒక్కటీ లేదు.

మా అమ్మ కైవారం పక్క పల్లెలో నా తమ్ముడు వెంకటరవణ దగ్గర ఉండేది. ఒకరోజు పొద్దున తమ్ముడు ఫోన్ చేసి, అమ్మకు ఊపిరి అందడం లేదు, వెంటనే రమ్మన్నాడు. బస్సుకు పోదామంటే మా ఆయన వినలేదు. బండి తీశాడు.

చేలూరు దాటాక మిట్ట మీద బండి దగ్గి దగ్గి నిలిచిపోయింది. ఆయన దిగి, అగ్గిపెట్టె గరుకుతో పాయింట్లు రుద్దాడు. అందుకుంది. కాస్త దూరం పోయి మళ్ళీ నిలిచింది. “ఇంకొక్క తూరి మే, ఇంకొక్క తూరి” అంటూనే ఉన్నాడు. ఆ మాట నమ్మి రెండు బస్సులు వదిలేశాను. మూడో బస్సెక్కి నేను చేరేసరికి పొద్దు గూకింది. అమ్మ పొద్దున్నే పోయిందట, మట్టి కూడా చేసేశారు. ఎండలు మండుతున్నాయి, ఉంచలేమని పెద్దలు అన్నారట. నేను అమ్మ ముఖం చూడలేదు.

పదకొండు దినాలూ అక్కడే ఉన్నాను. ఆయన కర్మకు వస్తే పలకలేదు. తిరిగి ఇంటికి వచ్చేసరికి బండి ముందు వంగి పాయింట్లే రుద్దుతున్నాడు. అప్పుడు అన్నాను, పైన చెప్పిన మాట. ఆయన తల ఎత్తకుండానే బదులిచ్చాడు. అందుకే ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖం ఎలా ఉందో నాకు తెలియదు. రాత్రి అన్నం పెట్టాను. తిన్నాడు. మాట లేదు.

పొద్దున ఆయన పోయింది కొత్త పాయింట్ల కోసం. చిక్కబళ్ళాపురం బస్టాండులో గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆస్పత్రిలో నాకు ఆయన చెప్పులు, గడియారం, విప్పని పాయింట్ల పొట్లం ఇచ్చారు. చొక్కా కత్తిరించి తీసేశారట. జేబులో రోటర్ ఉండాలి. చొక్కాతోబాటే అదీ పోయింది.

ఆయన నా మీద కోపంతో పోయాడా, లేక ఊరికే అలా ఒక మాట అని పోయాడా? ఏడాదంతా నాకు ఇదే. వాకిట్లో బండి కనబడితే చాలు, చెవిలో ఆ మాట పడేది. చివరికి తమ్ముడితో దాన్ని అమ్మేయమని చెప్పాను.

తమ్ముడు చింతామణిలో బండ్లకు కరెంటు పని చేస్తాడు. అక్కడే పాత కార్ల మీద ఇష్టమున్న మనిషి ఒకాయన దొరికాడు. పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ సామాను బిగించి తెస్తే తీసుకుంటానన్నాడు. తమ్ముడు ఒకరోజు తెల్లారి బస్సుకే ఆ సామాను, కొత్త మూత, కొత్త రోటర్, కొత్త బ్యాటరీ తీసుకుని మా ఇంటికి వచ్చాడు. కాగితాల మీద హెబ్బెట్టు వేయడానికి, అంటే వేలిముద్రకు, నేను కూడా వెంట రావాలన్నాడు.

నేను వాకిట్లో చెనక్కాయలు ఆరబోస్తూ చూస్తున్నాను. పాత పాయింట్లు విప్పి పక్కన పెట్టాడు. వాటి చోట చిన్న నల్ల డబ్బీ బిగించాడు.

“దీనికి పాయింట్లే వద్దంట్రా?”

“వద్దుక్కా. అయస్కాంతం బిళ్ళ తిరుగుతాది, ఈ డబ్బీ దాన్ని పసిగడతాది. అరిగేది లేదు, రుద్దేది లేదు. పాయింట్లంటే మా బావ మాదిరి, దినామూ బుజ్జగించల్ల. ఇది నా మాదిరి. ఒకసారి తగిలిస్తే చాలు.”

“నీ మాదిరైతే పొద్దు నెత్తికెక్కినా లేయదు.”

ఏడాది తర్వాత ఆ వాకిట్లో ఇద్దరం నవ్వాము.

రోటర్ పెట్టేశాక, అయస్కాంతం బిళ్ళ దాని కింద ఉండాలని వాడికి గుర్తొచ్చింది. మళ్ళీ పీకి నా చేతికిచ్చాడు.

“పట్టుకోక్కా. పారేస్తివా, చింతామణి దాకా నువ్వూ నేనూ తోసుకోని పోవల్ల.”

అదే సమయానికి కోళ్ళు చెనక్కాయల మీద పడ్డాయి. వక్క ముడేసుకున్నట్టు రోటర్‌ను కొంగున ముడేసుకుని కోళ్ళను తోలడానికి పరుగెత్తాను. ఇంతలో కొనే మనిషి దగ్గర్నుంచి తమ్ముడికి ఫోన్ వచ్చింది. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని మాట్లాడుతూనే బిళ్ళ తొడిగి, మూత పెట్టి, రెండు క్లిప్పులూ వేశాడు. తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. మా ఆయన చేతిలో కూడా అంత నున్నగా తిరగలేదు. వాడు నిప్పు వేళకు పడుతోందో లేదో లైటు పట్టి చూసి, డిస్ట్రిబ్యూటర్‌ను అటూ ఇటూ కాస్త తిప్పి, బిగించి, బానెట్ మూసేశాడు.

నేను బస్సులో వస్తానన్నాను.

“అమ్మేదానికి పోతాండాము కదక్కా. కడసారి కూచ్చుంటే ఏమవుతాది?”

సచ్చినా ఎక్కనన్నదాన్ని, ఎక్కాను. ముందు సీట్లో కాదు, వెనక.

చేలూరు దాటింది. ఆ మిట్ట వచ్చినప్పుడు ముందు సీటు గట్టిగా పట్టుకున్నాను. బండి ఎక్కడా దగ్గలేదు. చింతామణి వచ్చింది. బజారు వెనక్కి పోయింది. ఊరు దాటి చాలాసేపయ్యాక తమ్ముడు ఉలిక్కిపడ్డట్టు అద్దంలో నన్ను చూశాడు.

“అక్కా, నేను బండి కొనే ఆయప్ప ఇంటికి తిప్పల్ల కదా? కైవారం దోవలో యాడికి వచ్చేసినాము?”

దానికి నేను పెద్ద అర్థం తీయను. వాడు దినామూ సాయంత్రం ఇంటికి పోయే దారి అదే. అలవాటు కొద్దీ పోయి ఉంటాడు. వచ్చినవాళ్ళం ఎలాగూ వచ్చాము, అన్నం తిని పోదామన్నాడు.

మా అమ్మ ఇంటి ముందు బండి ఆగింది. ఎండ నడినెత్తిన ఉంది. తమ్ముడి పెళ్ళాం రత్నమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది. ముఖం కడుక్కుని కొంగుతో తుడుచుకోబోతే చెంపకు ఏదో గట్టిగా తగిలింది. ముడి విప్పాను.

“ఒరేయ్, నీ సామాను నా దగ్గరే ఉండాదే.”

“ఏం సామాను?” అని నవ్వుతూ వచ్చినవాడు, నా అరచేతిలోది చూసి నిలబడిపోయాడు. గబగబా పోయి బానెట్ ఎత్తాడు. క్లిప్పులు తీసి మూత పైకెత్తాడు. లోపల రోటర్ లేదు. అది కూర్చోవలసిన ఇరుసు బోడిగా ఉంది.

“తాళం తిప్పు రత్నా” అన్నాడు, మూత మళ్ళీ పెట్టి. రత్నమ్మ తిప్పింది. ఇంజన్ మూలిగింది, అందుకోలేదు. పది సార్లు తిప్పించాడు. లేదు. నా చేతిలోని రోటర్ తీసుకుని పెట్టాడు. ఒక్క తిప్పుకే అందుకుంది. మళ్ళీ పీకాడు. లేదు.

అప్పుడు కొత్త మూతను వెలుతురుకు తిప్పి లోపల చూపించాడు. అందులో తీగలకు ఒక్కోటి చొప్పున నాలుగు ఇత్తడి మొనలు ఉన్నాయి. ఒక్కో మొన మీద కాటుక చుక్కంత నల్లటి కాలిన మచ్చ. పొద్దున పొట్లం విప్పినప్పుడు అవి బంగారంలా మెరిశాయి, నేనూ చూశాను. లోపల ఏదో తిరిగితేనే, నిప్పు అక్కడికి దూకితేనే అలా మచ్చ పడుతుందట. ఇప్పుడు రోటర్ పెట్టి తిప్పిన ఒక్క క్షణానికి అంత పడదట.

“దోవలో యాడన్నా బానెట్ తీసినామా అక్కా?”

తీయలేదు. టీకి కూడా ఆగలేదు. వాడు తెచ్చింది ఒకటే రోటర్. పాతది ఆస్పత్రిలోనే పోయింది.

తమ్ముడు ఆ రోజు అన్నం తినలేదు. రత్నమ్మ నన్ను అమ్మను మట్టి చేసిన చోటికి తీసుకుపోయింది. అక్కడ కూర్చుని ఏడ్చాను. అమ్మ పోయిన రోజున కూడా నాకు అంత ఏడుపు రాలేదు. హెబ్బెట్టు వేయడానికి పోలేదు, బండి అమ్మలేదు. కొనే మనిషికి తమ్ముడే ఏదో చెప్పుకున్నాడు.

తర్వాత వాడు తెలిసిన మెకానిక్కులను ఇద్దర్ని అడిగాడు. ఒకాయన నవ్వాడు. ఇంకొకాయన, మీరు గుర్తు తప్పి ఉంటారు, రోటర్ ఇల్లు చేరాకే తీసి ఉంటారన్నాడు. కావచ్చు, మనుషులం కదా. కానీ ముడి వేసింది నేను, విప్పింది నేను. మధ్యలో నేను దాన్ని ముట్టలేదు. ఆ తర్వాత బండి ఎన్నిసార్లు ఎక్కినా వింత ఏదీ జరగలేదు. రోటర్ ఉంటే నడుస్తుంది, లేకపోతే లేదు.

పోయినవాడు వచ్చాడని నేను చెప్పను. ఆయన కోపం గురించి నాకు జవాబు దొరికిందని కూడా చెప్పను. ఆ పొద్దు రెండు గంటల దారి ఆ బండి దేంతో నడిచిందో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంతే శైలజా. ఇప్పుడు మొదట్నుంచీ చదివి వినిపించు. నేను చెప్పేటప్పుడు ఆయన కడసారి మాట నా గొంతులోనే వచ్చింది, నాకేమీ తెలియలేదు. నువ్వు ఆయన నోట ఆ మాట వినలేదు కదా. కాగితం మీద ఎలా ఉంటే అలానే చదువు. అది కోపంలా ఉందో, కాదో, కళ్ళు మూసుకుని వింటాను.