నా కౌంటర్ మీద లేని ఉల్లిగడ్డ

2025 ఎండాకాలం. గద్వాలలో చీరల దుకాణాల వరుస చివర నాకొక చిన్న ఆటసామాను దుకాణం ఉంది. కొత్తవి అమ్ముతాను గానీ, నాకు పేరు తెచ్చింది పాత క్రికెట్ బ్యాట్ల రిపేరు. పగిలిన అంచుకు జిగురు పెట్టి బిగిస్తాను, పిడికి గ్రిప్ మారుస్తాను, టో గార్డ్ వేస్తాను. టో గార్డ్ అంటే బ్యాటు అడుగుభాగం నేల చెమ్మ పీల్చకుండా అంటించే రబ్బరు పట్టీ. వనపర్తి నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి కూడా నా దగ్గరికి బ్యాట్లు బస్సెక్కి వస్తాయి. ఇన్నేళ్లలో విరిగిన బ్యాట్లు నన్ను ఎప్పుడూ ఏడిపించలేదు. ఏడిపించింది చక్కగా బాగుచేసిన బ్యాటే.

ఆ మధ్యాహ్నం షాహీన్ వచ్చింది. ఆమెది అలంపూర్. చీరల కొంగులకు కుచ్చులు వేస్తుంది. వేసిన చీరలు ఇచ్చిపోవడానికి వారం వారం మా పక్క దుకాణానికి వస్తుంది. ఎదురుపడితే నవ్వి పలకరించడమే తప్ప మా మెట్టెక్కింది లేదు. ఆ రోజు మాత్రం నేరుగా లోపలికి వచ్చి చేయి చాచింది.

"నర్సింలు భయ్యా, నా బ్యాటు ఇయ్యి."

"ఏ బ్యాటు చెల్లె?"

"గదే, నీ ఎనక ఉన్నది."

తిరిగి చూశాను. అక్కడున్నది వనపర్తి లెక్చరర్ గారి బ్యాటు. ఇంగ్లిష్ విల్లో, అంటే బంతి తగలగానే దూసుకుపోయే ఖరీదైన విదేశీ కర్ర. రిపేరు అయిపోయింది, ఆదివారం వచ్చి తీసుకుపోతానన్నారు.

"అది వేరేవాళ్లది గదా!"

"ఎట్ల వేరేవాళ్లది? వేలం పాటల నాకే వచ్చింది" అంటూ ఫోన్ నా ముక్కు ముందు పెట్టింది.

పాత ఆటసామాను వేలానికి పెట్టే యాప్ అది. ఫోటోలో నా కౌంటర్, నా నీలం షట్టర్, పక్కన నా జిగురు డబ్బా, మధ్యలో ఆ బ్యాటు. అమ్మేవాడి పేరు ఎవరిదో, ఊరు మాత్రం గద్వాల.

ఆమె కూతురు నస్రీన్ ఇంటర్ చదువుతుంది, ఓపెనర్‌గా ఆడుతుంది. మరుసటి వారమే జిల్లా సెలక్షన్లు. అప్పటిదాకా స్నేహితురాళ్ల బ్యాట్లతోనే నెట్టుకొచ్చిందట. కుచ్చులు వేసి దాచుకున్నదంతా షాహీన్ అడ్వాన్సు కింద కట్టేసింది. మిగతా సగం ఆ సాయంత్రంలోగా కడితే పార్సిల్ పంపుతానన్నాడట అమ్మేవాడు.

"ఫోటోల నీ దుకాణం కనవడ్డది భయ్యా. మన గద్వాలే గదా, మోసమేముంటది అనుకున్న. పార్సిల్ ఎందుకు, నేనే పోయి తెచ్చుకుంట అని వచ్చిన."

"అమ్మా, నేను వేలం పెట్టలేదు!"

"పైసలు తీసుకొని తెల్వనట్లు చేస్తున్నవా ఏంది?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నేను గట్లాంటోన్నయితే ఇన్నేండ్లు ఈడ కూసుంటనా?" అని గట్టిగా అరిచాను. చీరల దుకాణాల వాళ్లు బయటికి వచ్చారు. ఒకసారి ఫోన్ వైపు, ఒకసారి బ్యాటు వైపు, ఆఖర్న నా వైపు చూశారు. ఆ చూపులకు సిగ్గుతో చచ్చిపోయాను.

లెక్చరర్ గారే అమ్మకానికి పెట్టారేమోనని ఫోన్ చేశాను. ఆయన అదిరిపడ్డారు. "నా బ్యాటు నేనెందుకు అమ్ముతా? నర్సింలూ, నువ్వేమన్న అమ్మేసినవా?" ఇప్పుడు నన్ను అనుమానించేవాళ్లు ఇద్దరయ్యారు. నిజం చెప్పాలంటే, నిద్రలో ఏమైనా చేశానా అని నా మీద నాకే అనుమానం పుట్టింది.

కుర్చీలో కూలబడ్డాక గుర్తొచ్చింది. రిపేరు అయిన ప్రతి బ్యాటునూ ఫోటో తీసి వాట్సాప్ స్టేటస్‌లో పెట్టడం నాకు అలవాటు. నా నంబరు ఎవరెవరి దగ్గర ఉందో దేవుడికే తెలియాలి. ఎవడో ఆ ఫోటో తీసుకుని వేలానికి పెట్టాడు. షాహీన్‌కు అదే చెప్పాను. ఆమె నమ్మలేదు.

"సరే చెల్లె, వానికి మెసేజ్ పెట్టు. బ్యాటు పక్కన ఒక ఉల్లిగడ్డ పెట్టి ఇప్పుడే ఫోటో తీసి పంపమను. ఉల్లిగడ్డ లేని ఇల్లుండదు. బ్యాటు వాని దగ్గర ఉంటే పంపుతడు, లేకుంటే నోరు మూసుకుంటడు."

నా తెలివికి నేనే మురిసిపోయాను. అయితే మేం చాయ్ తాగేలోపే ఫోటో వచ్చింది. బ్యాటు ఉంది. పక్కన గుండ్రంగా, ఎర్రగా ఉల్లిగడ్డ కూడా ఉంది.

"ఇగో, వాని దగ్గరనే ఉన్నది!" అని షాహీన్ లేచి నిలబడింది.

నా వెనక ఉన్న బ్యాటు చేతిలోకి తీసుకున్నాను. బ్యాటు నా చేతిలో ఉంది. అదే బ్యాటు ఫోన్‌లో ఉల్లిగడ్డ పక్కన ఉంది. ఇలాంటి బ్యాట్లు రెండున్నాయా? లేక నాకే మతి పోయిందా? ఫోటోను పెద్దది చేసి మళ్లీ చూశాను. వెనక నా నీలం షట్టర్. కింద నా కౌంటర్.

"చెల్లె, గిది నా కౌంటరే గదా?"

"అవ్."

"మరి ఉల్లిగడ్డ ఏది?"

ఆమె వంగి కౌంటర్ మీద చూసింది, కింద కూడా చూసింది. ఫోటోలో గ్రిప్ ఆకుపచ్చది. ఆ రంగు నచ్చలేదని లెక్చరర్ గారు అంటే మొన్ననే తీసేసి నల్లది ఎక్కించాను. ఆ నల్ల గ్రిప్ ఆమె చేతికిచ్చి పట్టుకోమన్నాను. వాడు నా పాత ఫోటోలోనే కంప్యూటర్‌తో ఉల్లిగడ్డ పుట్టించాడు. షాహీన్ ముఖం పాలిపోయింది.

వీడియో కాల్ చేస్తే వాడు ఎత్తలేదు. మెసేజ్ మాత్రం వచ్చింది: వేరేవాళ్లు అడుగుతున్నారు, వెంటనే కట్టకపోతే బ్యాటూ పోతుంది, అడ్వాన్సూ పోతుంది. అది చదివి ఆమె వేలు మళ్లీ పేమెంట్ వైపు పోయింది.

"ఇప్పుడు ఇడిసిపెడితే కట్టినది కూడ పోతది గద భయ్యా!"

"పోయినదాని ఎనక ఉన్నది కూడ పంపుతవా?" అని ఫోన్ లాక్కున్నాను. ఆమె మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. తన బ్యాంకుకు, సైబర్ హెల్ప్‌లైన్‌కు ఆమెతోనే ఫోన్ చేయించాను. ఫిర్యాదు తీసుకున్నారు గానీ, కట్టినది ఇంతవరకు తిరిగి రాలేదు.

మరునాడు నస్రీన్‌ను తీసుకొచ్చింది. ఆ పిల్ల కళ్లు లెక్చరర్ గారి బ్యాటు మీదే ఉన్నాయి. ఒకసారి పట్టుకుని చూడమని ఇచ్చాను. రెండుసార్లు ఊపి దించేసింది.

"బరువున్నదమ్మీ. నాకు లేస్తలేదు."

తల్లి బిత్తరపోయింది. వేలం పాడేటప్పుడు ధర అడిగింది, కర్ర ఏదో అడిగింది, బరువు సంగతి అడగలేదు. ఫోటోలో బరువు కనిపించదు. ఉల్లిగడ్డ అడిగించిన నేను మాత్రం బరువు అడిగించానా? తల్లీకూతుళ్లకు చేతనైన సాయం ఏదైనా చేయాలని, నేను బాగుచేసి అమ్మకానికి ఉంచిన పాత బ్యాట్లన్నీ ముందు పరిచాను. నస్రీన్ ఒక్కొక్కటే ఊపి, తేలికైన కశ్మీర్ విల్లో బ్యాటు ఒకటి ఏరుకుంది. చవకరకం కర్రే, కానీ ఆమె చేతికి సరిపోయింది. వీలైనప్పుడు ఇమ్మన్నాను.

అప్పటినుంచి పాత సామాను కొనేవాళ్లకు ఒకటే చెబుతున్నాను: ఫోటోలో మన ఊరు కనిపించినంత మాత్రాన సామాను మన ఊళ్లో ఉన్నట్టు కాదు. కదిలే వీడియోలో చూడండి, బరువు అడగండి, చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. నన్ను చూసి నమ్మినామె మునిగింది. అందులో నా తప్పు ఎంతో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ రోజు నస్రీన్ బ్యాటు భుజాన వేసుకుని మా నీలం షట్టర్ ముందు నిలబడి నవ్వింది. అలవాటు కొద్దీ నేను ఫోన్ ఎత్తాను. షాహీన్ గబుక్కున వచ్చి కెమెరాకు అరచేయి అడ్డం పెట్టింది.

"ఫోటో వద్దు భయ్యా. నీ దుకాణం చూసి ఇంకొకరు నమ్ముతరు."