కొండ కింద అరుగు

నిన్న బెంజ్ సర్కిల్‌లో బస్సెక్కి కూర్చున్నాక పక్క సీటావిడ సీసా మూత తీసింది. బెల్లం, మిరియాలు, యాలకులు కలిసిన వాసన. మంగళగిరి కొండ మీది పానకం! వెంటనే సుగుణ గారు గుర్తొచ్చారు. తమాషా ఏమిటంటే, ఆవిడ ఆ కొండ ఎప్పుడూ ఎక్కలేదు. ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. మిగతా రోజుల్లో కొండ కింద మా లైబ్రరీ చూసుకునేవారు.

మోకాళ్ళ నొప్పులతో మెట్లెక్కలేని పెద్దవాళ్ళను ఇంటివాళ్ళు ఆ లైబ్రరీ అరుగు మీద కూర్చోబెట్టి పైకి వెళ్ళేవారు. స్వామి నోట్లో పానకం పోస్తే సగం తాగి సగం మనకు వదిలేస్తాడని నమ్మకం. ఆ సగం కిందికి వచ్చేదాకా వీళ్ళకు పొద్దెలా పోతుంది? సుగుణ గారు కుర్చీ వేసుకుని కథలు చదివి వినిపించేవారు. పదో తరగతి తప్పి ఎదురుగా చీరల కొట్లో పనికి చేరిన నేను, భోజనం వేళ వచ్చి స్తంభం పక్కన నిలబడి వినేదాన్ని. లోపలికి మాత్రం అడుగు పెట్టలేదు. పరీక్ష తప్పినదానికి పుస్తకాలతో ఏం పని అనుకునేదాన్ని.

ఒకరోజు ఆవిడ గొంతు పూర్తిగా పోయింది. పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు.

"నేనా? నేను ఫెయిలండీ."

"ఇక్కడ మార్కులెవరు వేస్తారమ్మా? చదువు," అన్నారు గుసగుసగా.

వరదలో గేదెను పోగొట్టుకున్న ఒకామె కథ అది. ఊపిరి తీసుకోకుండా పరుగెత్తించాను. కంకిపాడు నుంచి వచ్చిన మామ్మ ఒకావిడ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమ్మాయ్, నిన్నెవరన్నా తరుముతున్నారా? నాకు గేదె కనపడట్లేదు, ఒట్టి నీళ్ళే కనపడుతున్నాయి!"

అందరూ నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. పుస్తకం అక్కడ పెట్టి కొట్లోకి పారిపోదామనుకున్నాను. ఇక జన్మలో ఆ అరుగు ఎక్కేదాన్ని కాదేమో. సుగుణ గారు తన కుర్చీ నా వైపు జరిపి, తాను మామ్మ పక్కన చాప మీద కూర్చుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని నా మొహంలోకి చూశారు. కథ కోసం అలా కూర్చున్న మనిషిని వదిలి ఎలా వెళ్ళను? మళ్ళీ మొదటి నుంచి, మెల్లగా మొదలుపెట్టాను.

గేదె గట్టు దగ్గరికి వస్తుండగా మామ్మ కొడుకు పానకం చెంబుతో దిగొచ్చాడు.

"పదమ్మా, ఆటో ఆగి ఉంది."

"ఉండరా! గేదె ఇంకా నీళ్ళల్లో ఉంటే ఆటో అంటాడేంటి వీడు!"

అతనూ కూర్చున్నాడు. కాసేపటికి ఆటో అతనూ వచ్చి కూర్చున్నాడు. గేదె ఒడ్డెక్కాకే అందరూ లేచారు. మామ్మ తలా ఒక గుక్క పానకం పోస్తూ, సుగుణ గారి మెడలో సిలువ చూసి ఆగి, "మీరు తాగుతారాండీ?" అంది.

"గొంతుకు మంచిదేగా," అని ఆవిడ దోసిలి పట్టారు.

ఆ రోజే మొదటిసారి లోపలికి వెళ్ళాను. పదో తరగతి మళ్ళీ రాయలేదు కానీ, అక్కడి కథల బీరువాల్లో నేను చదవని పుస్తకం లేదు. ఈ సంగతి ఎవరూ అడగకపోయినా చెబుతుంటాను. ఇప్పటికీ ఆసుపత్రికి వెళ్ళినా, రైలు కోసం కూర్చున్నా నా సంచిలో ఒక పుస్తకం ఉంటుంది. పక్కన పెద్దవాళ్ళెవరైనా ఊరికే కూర్చుని ఉంటే, "ఏదన్నా చదవమంటారా అండీ?" అని అడుగుతాను. కొందరు ఫోను చూపించి వద్దంటారు. కొందరు కొంచెం జరిగి, చోటిస్తారు.