ఒక్క తీగ మీద నాట్ల పాట

ఎలక్ట్రిక్ గిటార్ నేర్పుతానని ఆఫీసులో అందరికీ మెయిల్ పెడితే మొదటి బుధవారం పదకొండు మంది వచ్చారు. ఐదో బుధవారానికి ఒక్కరు మిగిలారు. ఆ మిగిలినతను కూడా నా టీములోని విశాఖపట్నం డెవలపరే. తనూ మానేస్తే నేను చిన్నబుచ్చుకుంటానని వస్తున్నాడని నాకు తెలుసు.

మాది భీమవరం వైపు. రాయదుర్గంలోని ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ టీముకి లీడ్‌ని. గిటార్ ముప్పై దాటాక పట్టుకున్నాను. నేర్పేవాళ్లు లేరు. అప్పట్లో నాకు పిచ్చిగా నచ్చిన ఒక పాటలో గిటార్ ఒంటరిగా పరుగెత్తే భాగం ఉండేది. రెండు నిమిషాలు కూడా ఉండదు. అది నాకు రావడానికి ఏడు నెలలు పట్టింది. వేళ్ల చివర్లు కాయలు కాచాయి. రెండుసార్లు గిటార్ అమ్మేద్దామనుకున్నాను. చివరికి వచ్చాక, గిటార్ అంటే ఇలాగే నేర్చుకోవాలి కాబోలని నమ్మేశాను. ఆ నమ్మకంతోనే ఆ పదకొండు మందికీ మొదటి రోజే ఆ పాట ఇచ్చాను.

వాళ్లు రాకపోవడానికి కారణాలు బాగానే చెప్పారు. రిలీజ్ దగ్గర పడిందన్నారు, పిల్లలకు పరీక్షలన్నారు. నేను మాత్రం వాళ్లకు ఓపిక లేదనుకున్నాను. ఆ మాట ఇంట్లో మా ఆయనతో కూడా అన్నాను.

క్లాసు జరిగేది కింది అంతస్తులోని ట్రైనింగ్ రూములో. దాని తలుపు పక్కనే సెక్యూరిటీ బల్ల. అక్కడ ఆడవాళ్ల బ్యాగులు చూసే ఆమె నాగర్‌కర్నూల్ దగ్గరి పల్లె నుంచి వచ్చింది. ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. భర్త క్యాబ్ డ్రైవరు. మూడేళ్లుగా రోజూ నా బ్యాగు జిప్పు తీసి చూసి, "ఓకే మేడం" అనడం తప్ప ఆమె నాతో ఇంకో మాట మాట్లాడింది లేదు.

ఐదో బుధవారం డెవలపర్ కూడా తొందరగా వెళ్లిపోయాక నేను వైర్లు చుట్టుకుంటున్నాను. ఆమె తలుపు దగ్గర నిలబడింది.

"మేడం, ఒక మాట చెప్తే ఏమనుకోరు గద?"

"చెప్పండి."

"మీరిచ్చిన పాట మీ చేతికి తగ్గది మేడం. వాళ్ల చేతికి తగ్గది కాదు."

నాకు చురుక్కుమంది. గిటార్ గురించి మీకేం తెలుసని నోటిదాకా వచ్చింది. ఆమె ముఖంలో వెక్కిరింత లేదు. అందుకని, "మరి ఎలాంటి పాట ఇవ్వాలి?" అన్నాను.

"నాకు గిటార్ సంగతి ఎర్కలేదు. నాట్ల సంగతి ఎర్క. మా అమ్మ నాట్లకాడ పాట ఎత్తుకుంటది. ఆమె ఒక ముక్క పాడితే తతిమ్మోళ్లు అందుకుంటరు. కొత్తగ వచ్చిన పిల్లలకు అమ్మ పాట ఎత్తుకోనియ్యదు. అందుకునుడే. గదే ముక్క, ఎన్నిసార్లయినా గదే. చేతికి నాటు అలవాటైనంక పాట దానంతలదే వస్తది."

"ఆ ముక్క ఎలా ఉంటుంది?"

ఆమె ఇటూ అటూ చూసింది. లాబీలో ఎవరూ లేరు. మెల్లగా, పెదాలు పెద్దగా కదపకుండా పాడింది. మాటలు నాకు సరిగా అందలేదు గానీ బాణీ అందింది. పాటంతా కలిపితే నాలుగు స్వరాలు. అందుకునే ముక్కలో మూడే. నేను చుట్టిన వైరు మళ్లీ విప్పి, మూడో తీగ మీద ఆ ముక్క వాయించాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అరె, అదే!" అంది. "గింత అల్కగుంటదా?" అని అడిగింది.

ఇంత తేలికా అన్న ఆ ప్రశ్న నేను పడ్డ ఏడు నెలల కష్టానికే తగిలినట్టయింది. గిటార్ తీసి ఆమెకివ్వబోయాను. ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "డ్యూటీల ఉన్న మేడం."

మరుసటి వారం ఆమె డ్యూటీ దిగాక అరగంట ఆ గదిలో కూర్చోనివ్వమని సెక్యూరిటీ సూపర్‌వైజర్ని అడిగాను. యూనిఫాం మీద ఉద్యోగుల గదిలో కూర్చోవడం కుదరదన్నాడు. యూనిఫాం మార్చుకుని కూర్చుంటుందన్నాను. అప్పుడు ఐడీ కార్డు సమస్య అన్నాడు. నేను గొంతు పెంచబోతుంటే ఆమే నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది. "ఇడిసిపెట్టుండ్రి మేడం. నా వల్ల మీకు పరేషాన్ ఎందుకు?"

"ఆదివారం పొద్దున ఖాళీయేనా?" అన్నాను. "మా ఇంటికి రండి. కొండాపూర్‌లోనే."

ఆ ఆదివారం పదింటికల్లా వచ్చింది. మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమె ఎవరింట్లో పని చేస్తుందని అడిగాడట. "గిటార్ నేర్సుకోను వచ్చిన అని చెప్పిన" అంది నవ్వుతూ. నాకు నవ్వు రాలేదు. మరుసటి వారం నుంచి నేనే గేటు దాకా వెళ్లి తీసుకొచ్చేదాన్ని.

మొదటి రోజు ఆమె తీగను నాగలి పట్టినట్టు అదిమింది. ఎలక్ట్రిక్ గిటార్ తీగలు సన్నం. గట్టిగా నొక్కితే స్వరం పైకి ఎగిరి అపస్వరం పలుకుతుంది. నా పాత శిష్యులైతే ఆ తేడా పట్టుకోలేకపోయేవారు. ఆమె మాత్రం వెంటనే ముఖం చిట్లించింది. "తప్పు పలుకుతున్నది" అని తనే వేలు వదులు చేసింది. ఆ పాట ఆమె చెవిలో ముప్పై ఏళ్లుగా ఉంది మరి. ఇంక తప్పుల్ని నేను చూపించాల్సిన పని లేకపోయింది. మొదటి పాట ఎలా ఉండాలో నాకు అక్కడ అర్థమైంది. తప్పు వాయిస్తే తనకే తెలిసిపోయేంత బాగా వచ్చిన పాటై ఉండాలి. స్వరాలు తక్కువుండాలి, ఒకే ముక్క మళ్లీ మళ్లీ రావాలి, మధ్యలో ఊపిరి పీల్చుకునే చోటుండాలి. గొప్ప పాటా కాదా అన్నది తర్వాతి సంగతి.

నా పాత గిటార్ ఆమెకిచ్చి పంపాను. చప్పుడు పెంచే ఆంప్ పెట్టె ఇవ్వలేదు, ఆమె అడగలేదు. "ఆయన రాత్రి బండి నడిపి పగలు పంటడు. వైరు పెట్టకుంటే గిది దోమంత సప్పుడే చేస్తది. మంచిగనే ఉంది" అంది. ఒక్క గది ఇంట్లో, నిద్రపోతున్న మనిషి పక్కన, పొద్దున వంట అయ్యాక, డ్యూటీకి బయల్దేరే ముందు రోజూ అరగంట వాయించేదట. నేను సోఫా, ఏసీ ఉండి కూడా అంత క్రమంగా ఎప్పుడూ సాధన చెయ్యలేదు.

మూడో వారానికి అందుకునే ముక్క పూర్తిగా వచ్చింది. నేను పాట ఎత్తుకునే ముక్క వాయిస్తే ఆమె అందుకునేది. ఎన్నిసార్లు వాయించినా ఆమెకు విసుగు రాలేదు. "ఎకరం నాటాలంటే పొద్దుందాక పాడాలె" అనేది. మెల్లమెల్లగా ఎత్తుకునే ముక్క కూడా ఆమె చేతికి వచ్చింది.

నేను సిగ్గు విడిచి పాత శిష్యులందరికీ మళ్లీ మెయిల్ రాశాను. తప్పు నాదేనని, పాట తప్పు ఎంచానని రాశాను. మీకు నిద్రలో కూడా గుర్తొచ్చే బాణీ ఒకటి పట్టుకుని రండి, ఎంత చిన్నదైనా సరే అని అడిగాను. మానకుండా ఉన్న డెవలపర్‌తో కలిపి ఐదుగురయ్యారు. డెవలపర్ వాళ్ల అపార్ట్‌మెంటు లిఫ్టు తలుపు తెరుచుకునేటప్పుడు మోగే రెండు స్వరాలతో వచ్చాడు. అందరం నవ్వాం. రెండు స్వరాలతోనే లయ తప్పకుండా వాయించడం నేర్పాను. ఇంకొకామె వాళ్ల బళ్లో ఎక్కాలు చదివిన రాగం తెచ్చింది. రెండో ఎక్కం నుంచి ఐదో ఎక్కం దాకా ఒకే తీగ మీద వాయించేసరికి ఆమె వేళ్లు గట్టిపడ్డాయి. ఐదుగురిలో ఒక్కరూ మానలేదు.

నాలుగు నెలలయ్యాక మా అపార్ట్‌మెంటు క్లబ్‌హౌసులో ఒక ఆదివారం పొద్దున ఆరుగురి చేతా వాయించాలనుకున్నాం. ఇంటివాళ్లూ ఆఫీసువాళ్లూ కలిపి ముప్పై మంది దాకా వచ్చారు. సెక్యూరిటీ ఆమె వాళ్లాయనతో, ముందు రోజే ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మతో వచ్చింది. ఆ పెద్దామె ముందు వరసలో కూర్చుంది. చెప్పులు విప్పి కుర్చీ కింద పెట్టుకుంది. "ఇది కరెంటుతోని మోగుతదా? షాకు కొట్టదా బిడ్డా?" అని కూతుర్ని అడుగుతుంటే పక్కవాళ్లకు నవ్వొచ్చింది.

ఐదుగురూ వాయించారు. చిన్న చిన్న తప్పులు దొర్లాయి గానీ ఎవరూ ఆగిపోలేదు. చివర ఆమె వంతు. నేను ఎత్తుకోవాలి, ఆమె అందుకోవాలి. అలాగే అనుకున్నాం. నేను మొదటి ముక్క వాయించాను. ఆమె అందుకుంది. రెండోసారి నేను చెయ్యెత్తేలోపు ముందు వరసలోంచి గొంతు లేచింది.

వాళ్లమ్మ పాడుతోంది. కూర్చున్నచోటే, కళ్లు కూతురి మీద పెట్టి, పొలంలో వంద గజాల అవతల ఉన్నవాళ్లకు వినపడేలా ఎత్తుకుంది. హాలంతా ఒక్కసారి అటు తిరిగింది. పెద్దామె గిటార్ శ్రుతిలో పాడటం లేదు. ఇంకాస్త పైన ఎత్తుకుంది. నేను నేర్పింది ఖాళీ తీగతో, అంటే వేలు ఆనించకుండా మీటే తీగతో, మొదలయ్యే బాణీ. అది అలాగే వాయిస్తే తల్లి గొంతుకూ కూతురి తీగకూ పొత్తు కుదరదు. ఇంకో చోటు నుంచి మొదలుపెట్టడం నేను ఆమెకు చెప్పనే లేదు.

తల్లి తన ముక్క ముగించి, అందుకోమన్నట్టు గడ్డం పైకెత్తింది. కూతురు ఖాళీ తీగ మీటింది. కలవలేదు. చెయ్యి ఆపేసింది. నేను లేచి ఏదో ఒకటి చెప్పి సర్దుదామనుకున్నాను. తల్లి ఆగలేదు. అందుకోకపోతే ఇంకోసారి ఎత్తుకోవడమే ఆమెకు తెలిసిన పద్ధతి. అదే ముక్క మళ్లీ పాడింది. ఆ పాట సాగుతుండగా కూతురు తల వంచి, వేలిని తీగ మీద, గిటార్ మెడ మీది లోహపు గీతల మధ్య ఒక్కొక్క గడి పైకి జరుపుతూ, చాలా మెల్లగా మీటి వింది. మొదటి గడి కాదు. రెండోదీ కాదు. మూడో గడి దగ్గర వేలు ఆగింది. తలెత్తి తల్లి వంక చూసింది.

ఈసారి తల్లి ముగించగానే ఆమె అందుకుంది. మూడు స్వరాలూ తల్లి గొంతు పక్కనే, ఆ ఎత్తులోనే పడ్డాయి. పెద్దామె నవ్వు ముఖంతో మళ్లీ ఎత్తుకుంది. ఇద్దరూ కలిసి ఎన్నిసార్లు పాడారో నేను లెక్కపెట్టలేదు. నా గిటార్ ఒళ్లో పెట్టుకుని, చేతులు దాని మీద ఊరికే ఉంచి వింటూ కూర్చున్నాను. వెనక వరసలో ఎవరో చప్పట్లతో లయ వేశారు. తర్వాత అందరూ వేశారు. ఆమె భర్త కుర్చీలోంచి లేచి నిలబడిపోయాడు. ఎందుకు లేచాడో తనకే తెలియనట్టుంది, మళ్లీ కూర్చోవడం మర్చిపోయాడు.

అయ్యాక ఆమె దగ్గరికి పరుగెత్తాను. "అది ఎలా తెలిసింది? నేను చెప్పలేదే!"

"అమ్మ మీదికి ఎత్తుకునె. నేను గూడ మీదికి పోవాలె గదక్కా" అంది. అక్కా అని ఆమె నన్ను పిలవడం అదే మొదలు. "కింద రెండు గళ్లు ఇడిసిపెడితే మీద గూడ రెండే ఇడిసిపెట్టాలె. సందులు గవే గద."

పదమూడేళ్లుగా గిటార్ పట్టుకున్న నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్న సంగతి అది. ఆమె పాట సగంలో, ముప్పై మంది ముందు తనంతట తాను కనిపెట్టింది. నాకు కళ్లు చెమర్చాయి. నేను నేర్పినందుకు గర్వమా, నేను నేర్పనిది ఆమె నేర్చుకున్నందుకు గర్వమా అంటే, రెండోదే ఎక్కువని చెప్పగలను.

పెద్దామె మాత్రం అంత తేలిగ్గా మెచ్చుకోలేదు. "నడిమిట్ల జర తొందరపడ్డవు బిడ్డా" అంది కూతురితో. తర్వాత నా చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, "మా దిక్కు రాండ్రి అమ్మా, వానకాలం. నాట్లకాడ కరెంటు లేకున్నా మోగుతదా ఇది?" అని అడిగింది. మోగుతుందని, కాకపోతే దోమంత చప్పుడే చేస్తుందని చెప్పాను.

ఆరోజు తీసిన వీడియో ఆఫీసు గ్రూపుల్లో తిరిగింది. సూపర్‌వైజర్ కూడా చూశాడు. ఆ వారంలోనే నా దగ్గరికి వచ్చి, డ్యూటీ అయ్యాక ఆమె ఆ గదిలో కూర్చోవచ్చని, ఐడీ కార్డు సంగతి తాను చూసుకుంటానని చెప్పాడు.

ఇప్పుడు బుధవారం క్లాసుకు పద్నాలుగు మంది వస్తున్నారు. కొత్తగా వచ్చినవాళ్లకు పాట ఎంచే పని ఆమెదే. మొన్న ఒక మేనేజర్ ఫోనులో ఒక పాట వినిపించి, ఇదే కావాలన్నాడు. నేను ఏడు నెలలు పడ్డ పాట లాంటిదే, ఇంకా వేగం. ఆమె అది చివరిదాకా విని, "మంచిగుంది సార్. ఒకసారి మీ నోటితోని అనుండ్రి" అంది.

ఆయన ప్రయత్నించాడు. రెండు క్షణాలకే తడబడి ఆగిపోయాడు.

"నోటికి రానిది చేతికి ఎట్లొస్తది సార్? తర్వాత నేర్సుకుందురు, అది ఏడికీ పోదు. మీకు వచ్చింది చెప్పుండ్రి."

ఆయన గొంతు సవరించుకుని, తన తమ్ముణ్ణి నిద్రపుచ్చుతూ వాళ్లమ్మ పాడిన పాట అంటూ, సిగ్గుపడుతూ కూనిరాగం తీశాడు. ఆమె కళ్లు మూసుకుని వింది. ఆయన వేలు పట్టుకుని మూడో తీగ మీద పెట్టింది.

"గట్టిగ ఒత్తకుండ్రి" అంది. "సన్న తీగె ఇది."